మునిగిన ఓడ, విప్పని దుస్తులు

మారిషస్ దీవి ఆగ్నేయ తీరంలో మహేబూర్ అని ఒక చిన్న ఊరుంది. ఊరికి కాస్త ఎడంగా, పెద్ద చెట్ల మధ్య, ఫ్రెంచివాళ్ళ కాలం నాటి బంగళా. ఇప్పుడు దాన్ని జాతీయ చరిత్ర మ్యూజియం అంటున్నారు గానీ 1950లో తెరిచినప్పుడు అది నౌకాచరిత్ర మ్యూజియం. పేరు మారింది. లోపల మాత్రం అంతా సముద్రమే. పాత పటాలు, ఫిరంగి గుండ్లు, మునిగిన ఓడల్లోంచి పైకి తీసిన సామాను. ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి ఎముకలు నాలుగు.

పోయిన ఏడాది ఆగస్టులో నేను ఆ మ్యూజియానికి వెళ్ళాను. నాతో అక్కడి తెలుగావిడ ఒకరు వచ్చారు. బడిలో తెలుగు చెప్తుంది. ఇంట్లో క్రియోల్ మాట్లాడుతుంది. పరిచయమైన రెండో రోజు నుంచే నన్ను 'అక్కా' అనడం మొదలుపెట్టింది. ఆమె తెలుగు మన పుస్తకాల తెలుగులా కాస్త నెమ్మదిగా, ఆగి ఆగి ఉంటుంది. మధ్యలో ఉన్నట్టుండి మా అమ్మమ్మ వాడే మాట ఒకటి దొర్లుతుంది. అప్పుడు నాకు కాసేపు ఏమీ తోచదు.

ఆ మ్యూజియంలో నన్ను నిలబెట్టేసింది ఒక గంట. 1744 ఆగస్టులో దీవికి ఈశాన్యాన, అంబర్ దీవి దగ్గర, పగడపు దిబ్బలకు కొట్టుకుని మునిగిపోయిన సెయింట్ జెరాన్ అనే ఫ్రెంచి ఓడ గంట అది. ఉప్పునీళ్ళలో రెండు వందల ఇరవై రెండేళ్ళు పడి ఉండి, 1966లో మళ్ళీ వెలుగు చూసింది. మేం వెళ్ళేసరికి దాని ముందు బడిపిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ టీచరు క్రియోల్‌లో కథ చెప్తోంది. నా స్నేహితురాలు చెవిలో తెలుగు చేసి చెప్పింది. చెప్పకపోయినా అర్థమయ్యేది. ఎందుకంటే ఆ కథ చెప్పేటప్పుడు ఆ టీచరు చేతులు పెట్టిన తీరు చాలు. ఒక చెయ్యి ఒంటిమీద బట్టను గట్టిగా పట్టుకుని, ఇంకో చెయ్యి గుండెమీద, కళ్ళు ఆకాశంవైపు.

అది వర్జినీ కథ. బెర్నార్డిన్ ద సెయింట్ పియర్ అనే ఫ్రెంచి రచయిత 1788లో అచ్చువేసిన 'పాల్, వర్జినీ' నవలలోది. ఈ దీవిలోనే అన్నాచెల్లెళ్ళలా పెరిగిన ఇద్దరు పిల్లలు. పెద్దయ్యాక అది ప్రేమవుతుంది. ఆమెను ఫ్రాన్సుకు పంపేస్తారు. తిరిగి వస్తుంటే ఒడ్డు కనబడే దూరంలో సెయింట్ జెరాన్ మునుగుతుంది. ఒక నావికుడు బట్టలన్నీ విప్పేసి ఈదడానికి సిద్ధమై, నువ్వు కూడా బట్టలు తీసెయ్యి, నేను కాపాడతాను అని ఆమె కాళ్ళమీద పడి బతిమాలతాడు. ఆమె ఒప్పుకోదు. అలాగే నిలబడి మునిగిపోతుంది. ఒడ్డున పాల్ చూస్తుంటాడు.

ఈ నవల చదివి యూరప్ అంతా ఏడ్చింది. పిల్లలకు వర్జినీ అని పేర్లు పెట్టుకున్నారు. పింగాణీ పళ్ళేలమీద, గడియారాలమీద, కర్టెన్లమీద ఆ బొమ్మలు వేసుకున్నారు. మారిషస్‌లో పాంప్లెమూస్ దగ్గర పాల్, వర్జినీల సమాధులని చెప్పి పందొమ్మిదో శతాబ్దమంతా యాత్రికులకు చూపించారు. నవలలో పాత్రలకు సమాధులేమిటని ఎవరూ అడగలేదు కాబోలు. క్యూర్‌పిప్ పట్టణంలో ప్రోస్పెర్ దెపినే చెక్కిన వాళ్ళ విగ్రహం ఉంది.

టీచరు కథ ముగించాక వెనకున్న ఒక పిల్ల, పదేళ్ళుంటాయేమో, చెయ్యెత్తి ఏదో అడిగింది. మిగతా పిల్లలు నవ్వారు. టీచరు కూడా నవ్వి ముందుకు నడిచింది. ఏమడిగింది అన్నాను.

"ఆమెకు ఈత రాదా అని అడిగింది అక్కా."

నేను చరిత్ర చదువుకున్నదాన్ని. వర్జినీ కథ కంటే ముందు సెయింట్ జెరాన్ కథ చదివాను. అందుకే ఆ గంట ముందు నిలబడితే నాకు వర్జినీ గుర్తు రాలేదు. ఓడ కెప్టెన్ గుర్తొచ్చాడు.

ఆ ఓడ నిజమైన ఓడ. 1744 మార్చిలో ఫ్రాన్సులోని లోరియాం రేవునుంచి బయలుదేరింది. మొత్తం రెండు వందలమందికి పైగా ఉన్నారు. బతికి ఒడ్డు చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఆ బతికినవాళ్ళను అధికారులు విచారించారు. వాళ్ళ వాంగ్మూలాలు నమోదయ్యాయి. తర్వాత అచ్చయ్యాయి కూడా. వాటిలో ఎడ్మే కారే అనే నావికుడు చెప్పినదాన్లో ఒక విషయం ఉంది. అతను కెప్టెన్ దలమార్‌ను చెక్కమీద ఎక్కించి కాపాడాలని చూశాడు. చొక్కా, లాగూ తీసెయ్యండి, తేలిగ్గా ఉంటుంది అని బతిమాలాడు. కెప్టెన్ ఒప్పుకోలేదు. తన హోదా మనిషి ఒంటిమీద బట్టల్లేకుండా ఒడ్డు చేరితే మర్యాదగా ఉండదన్నాడు. జేబులో వదలకూడని కాగితాలు కూడా ఉన్నాయన్నాడు. బట్టలతోనే పోయాడు.

ఓడలో ఆడవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మాలే, కాయూ అనే ఇంటిపేర్లున్న ఇద్దరు యువతుల ప్రస్తావన వాంగ్మూలాల్లోనే ఉంది. ఒకామె ఓడ వెనక భాగంలో ఉంది. ఒకాయన ఆమెను వదిలి వెళ్ళడానికి ఇష్టపడక పక్కనే నిలబడిపోయాడు. ఇంకొకామె ముందు భాగంలో ఉంది. ఇద్దరూ మునిగిపోయారు. బట్టలు విప్పమని ఎవరో అడిగారనీ, వాళ్ళు కాదన్నారనీ నేను చదివినంతలో ఎక్కడా లేదు.

అంటే సిగ్గుపడి చచ్చిపోయింది మగవాడు. హోదా కోసం, లాగూ కోసం. నలభై నాలుగేళ్ళ తర్వాత ఒక రచయిత ఆ లాగూని తీసి ఒక కన్యకు గౌనుగా తొడిగాడు. మగవాడి ఒంటిమీద ఉన్నప్పుడు అది కాస్త నవ్వొచ్చే సంగతి. పాపం, ఇంత మొండితనమా అనిపిస్తుంది. ఆడదాని ఒంటిమీదకు రాగానే అదే సంగతి పవిత్రమైపోయింది. రచయిత ఆ వాంగ్మూలాన్ని స్వయంగా చదివాడో, 1768లో ఇంజనీరుగా వచ్చి రెండేళ్ళు ఈ దీవిలో ఉన్నప్పుడు ఎవరినోటైనా విన్నాడో నాకు ముఖ్యం కాదు. విన్న కథలో ఏం మార్చాడన్నదే ముఖ్యం.

ఇదంతా ఫ్రెంచివాళ్ళ పిచ్చి అనుకోవడానికి లేదు. మా కృష్ణా జిల్లాలో ఎన్ని పేరంటాళ్ళ గుళ్ళు లేవు! పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు నేనూ వెళ్ళాను, పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టాను. నిప్పులోనో నీళ్ళలోనో పోయిన ఆడదానికి మన ఊళ్ళలో రాయి నిలబెడతారు, జాతర చేస్తారు, పాటలు కడతారు. బతికిపోయినదానికి ఏమీ చెయ్యరు. చరిత్ర టీచరుగా నేనే ఎన్ని సంవత్సరాలు చిత్తూరు పద్మిని కథ గొంతు బొంగురుపోయేలా చెప్పానో! వెనక బెంచీలో ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటుంటే పాఠం బాగా చెప్పాననుకునేదాన్ని. వర్జినీ ఒక ఫ్రెంచి పేరంటాలు. అందుకే అక్కడ నాకేమీ పరాయిగా అనిపించలేదు.

అదే నవలలో ఇంకో ఆడమనిషి ఉంది. ఆమె విగ్రహం ఎక్కడా లేదు. యజమాని కొట్టే దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన నల్లజాతి బానిస స్త్రీ. నడుము చుట్టూ ఒక గుడ్డపేలిక తప్ప ఒంటిమీద ఏమీ ఉండదు. వర్జినీ కాళ్ళమీద పడి తన ఒంటిమీద కొరడా మచ్చలు చూపిస్తుంది. వర్జినీ జాలిపడుతుంది, అన్నం పెడుతుంది. తర్వాత ఏం చేస్తుంది? పాల్‌ని తోడు తీసుకుని ఆమెను మళ్ళీ ఆ యజమాని దగ్గరకే తీసుకెళ్ళి, క్షమించమని వేడుకుంటుంది. సరేనంటాడు. వీళ్ళు తిరిగి వచ్చాక, మెడకు ఇనుప కడియం వేసి ఆమెను మొద్దుకు కట్టేశారని తెలుస్తుంది. ఆ స్త్రీకి రచయిత పేరు కూడా పెట్టలేదు. ఒకే పుస్తకంలో రెండు శరీరాలు. ఒకటి కప్పుకోవడానికి ప్రాణం ఇచ్చేది. ఇంకొకటి కప్పుకోవడానికి ఏమీ లేనిది, తన మచ్చలు చూపిస్తే తప్ప నమ్మకం కలగనిది. రచయిత బానిసత్వాన్ని ఖండించినవాడే. అయినా వర్జినీ ఇంట్లో కూడా ఇద్దరు బానిసలున్నారు, వాళ్ళు మంచి బానిసలు.

నిజం ఓడలోనూ అలాంటివాళ్ళున్నారు. దారిలో ఆఫ్రికా తీరాన గోరే దగ్గర ముప్ఫైమంది దాకా బానిసలను ఎక్కించుకుంది సెయింట్ జెరాన్. మగవాళ్ళూ ఆడవాళ్ళూ. బతికినవాళ్ళ లెక్కలో వాళ్ళు లేరు. ఓడలో ఇంకేముందంటే చక్కెర మిల్లు యంత్రాల సామాను. అప్పటి గవర్నరు లా బూర్డొనే దీవిలో చెరకు పెంచి చక్కెర తీయించే పనిలో ఉన్నాడు, అందుకు తెప్పించినవి. ఈ లా బూర్డొనే ఎవరో మనకు తెలుసు. 1746లో ఓడలు వేసుకొచ్చి మద్రాసు కోటను ఇంగ్లీషువాళ్ళనుంచి పట్టుకున్నవాడు. మన పాఠ్యపుస్తకాల్లో కర్ణాటక యుద్ధాల పాఠంలో ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోతాడు. పోర్ట్ లూయిస్ ఓడరేవు ముందు అతని విగ్రహం సముద్రంకేసి చూస్తూ ఉంటుంది.

మిగతా గదుల గురించి ఎక్కువ చెప్పను. 1810 ఆగస్టులో ఈ ఊరి ఎదుట సముద్రంలోనే ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకలు వారం రోజులు కొట్టుకున్నాయి. ఇంగ్లీషువాళ్ళు నాలుగు యుద్ధనౌకలు పోగొట్టుకున్నారు. పారిస్‌లోని విజయతోరణంమీద చెక్కిన ఒకే ఒక్క నౌకాయుద్ధ విజయం ఇదేనట. గాయపడ్డ ఇద్దరు కమాండర్లనూ, ఫ్రెంచి దుపెరేనీ ఇంగ్లీషు విల్లోబీనీ, ఈ బంగళాలోనే పక్కపక్కన పడుకోబెట్టి వైద్యం చేశారని గర్వంగా చెప్తారు. శత్రువుల మధ్య పెద్దమనిషితనం! నిజమే కావచ్చు. ఆ గాయాలు కడిగిందెవరో, నెత్తుటి గుడ్డలు ఉతికిందెవరో చెప్పే బోర్డు నాకు కనపడలేదు. ఆ డిసెంబరులోనే ఇంగ్లీషువాళ్ళు మళ్ళీ పెద్ద సేనతో వచ్చి దీవిని పట్టుకున్నారు. ఆ సేనలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు.

బయట చెట్టుకింద కూర్చున్నాం. నా స్నేహితురాలు ఇంటినుంచి తెచ్చిన రొట్టె, చిక్కుడుగింజల కూర విప్పింది. ఆ చిన్నపిల్ల ప్రశ్న నన్ను వదల్లేదు. ఈత రాదా?

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. పదివేలమందికి పైగా పోయారని ప్రభుత్వం లెక్క. అక్కడివాళ్ళు ఆ లెక్క ఇప్పటికీ నమ్మరు. మా పెద్దమ్మ వాళ్ళది కోడూరు దగ్గర పల్లె. తాటిచెట్టంత ఎత్తు నీళ్ళు వచ్చాయని చెప్పేది. ఇంటికప్పు తేలి కొట్టుకుపోయింది. దానిమీద ఆమె, ఇద్దరు పిల్లలు. కప్పు వెళ్ళి ఒక తాటిచెట్టుకు తగిలింది. పిల్లలను చెట్టుకు కట్టేసి రాత్రంతా పట్టుకుని ఉంది. తెల్లవారాక నీళ్ళు తీశాయి. ఈ కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్నాం. పిల్లలను దేంతో కట్టావు పెద్దమ్మా అని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. తాడుంటుంది కదా అనుకున్నాం.

పెదనాన్న పోయిన తర్వాత ఒక రాత్రి, నేనూ ఆమే మంచాలు వాల్చుకుని పడుకున్నప్పుడు, తనే చెప్పింది. చీరతో కట్టింది. జాకెట్టు ముళ్ళకు చిరిగిపోయింది. తెల్లవారి పక్క ఊరివాళ్ళు వచ్చినప్పుడు ఆమె ఒంటిమీద లంగా ముక్క తప్ప ఏమీ లేదు. ఎవరో పెద్దాయన తన తలగుడ్డ విప్పి దూరంనుంచి విసిరి, అటు తిరిగి నిలబడ్డాడట. "ఆయనెవరో తెలీదే, దణ్ణం పెట్టుకుంటా ఇప్పటికీ" అంది. చీర కొంగు తుమ్మ ముళ్ళకు చిక్కుకుని, జడలు కంపలకు చుట్టుకుని కదల్లేక పోయినవాళ్ళను ఆమె కళ్ళారా చూసింది. అయినా సరే, బతికొచ్చిన తర్వాత అత్తగారు ఒక మాట అందట. "అంతమంది మగాళ్ళలో అట్లా..." అని ఆపేసిందట. ఆ ఆపేసిన మాట పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు మోసింది. బతికిన ఇద్దరు పిల్లలూ అదే అత్తగారి మనవలు.

ఇది పాతకాలపు మాట అనుకుంటే 2004 సునామీ ఉంది. తర్వాతి మార్చిలో ఆక్స్‌ఫామ్ సంస్థ ఒక నివేదిక వేసింది. తమిళనాడు కడలూరు జిల్లాలో పోయిన ఆడవాళ్ళు 391 మంది, మగవాళ్ళు 146 మంది. మగవాళ్ళు వేటకు సముద్రంలో ఉన్నారు, అల అక్కడ ఎత్తుగా లేవలేదు. ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం ఎదురు చూస్తున్నారు. ఇంకా ఏం కారణాలంటే పిల్లల్ని పట్టుకుని ఉన్నారు. ఈత నేర్పలేదు, చెట్టెక్కడం నేర్పలేదు. ఒంటినిండా చీర. సముద్రం పక్కనే పుట్టి, సముద్రంమీదే బతికే ఊళ్ళలో ఆడపిల్లకు ఈత నేర్పకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఆ పదేళ్ళ పిల్ల సరైన ప్రశ్నే అడిగింది.

ఇదంతా నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రేపు మా ఇంటికి రా అక్కా, ఒక కాగితం చూపిస్తాను" అంది.

మర్నాడు పొద్దున్న పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ చూశాం. సెయింట్ జెరాన్ తెచ్చిన చక్కెర వ్యవహారం ఎక్కడికి దారితీసిందో చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. 1835లో బానిసత్వం రద్దయింది. పరిహారం యజమానులకు ముట్టింది, బానిసలకు కాదు. చెరకు కొట్టడానికి కొత్త చేతులు కావాలి. 1834నుంచి 1910 దాకా నాలుగున్నర లక్షలమందిని మనదేశంనుంచి ఒప్పంద కూలీలుగా ఇక్కడ దించారు. 1849లో కట్టిన ఆ డిపోలో ఇప్పుడు మిగిలింది కొన్ని గదులు, స్నానాల చోటు, ఓడ దిగి ఎక్కే పదహారు రాతిమెట్లు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. మెట్లు చిన్నవి. సముద్రాన్ని పూడ్చి రోడ్డు వేసేయడంతో నీళ్ళు ఇప్పుడు దూరంగా జరిగాయి.

తెలుగువాళ్ళు విశాఖపట్నం, గంజాం, రాజమండ్రి ప్రాంతాలనుంచి ఎక్కువగా వచ్చారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. కోరంగి రేవునే 1839 నవంబరులో ఒక ఉప్పెన తుడిచిపెట్టింది. ఆ ఉప్పెనకు ఇల్లు పోయి ఓడెక్కిన ఆడవాళ్ళు ఎంతమందో అనుకుంటూ నేను ఆ మెట్లమీద నిలబడ్డాను.

వచ్చినవాళ్ళలో మొదట్లో ఆడవాళ్ళు చాలా తక్కువ. తోటల్లో గొడవలవుతున్నాయనీ, కూలీలు నిలబడటం లేదనీ తర్వాత వందమంది మగవాళ్ళకు ఇంతమంది ఆడవాళ్ళని నియమం పెట్టారు. అంటే ఆమె రావడానికి కారణం ఒక నిష్పత్తి. మారిషస్‌లో చాలామంది ఆడవాళ్ళు కూలీ ఒప్పందంమీద కాక ఫలానావాడి భార్యగా రికార్డులోకి వచ్చారు. పని చెయ్యలేదా? చేశారు. కూలీ పుస్తకంలో ఉండదు, అంతే. మరీనా కార్టర్ అనే చరిత్రకారిణి 1994లో 'లక్ష్మీస్ లెగసీ' అనే పుస్తకంలో ఈ స్త్రీల మాటలను దొరికినన్ని ఒకచోట చేర్చింది. అర్జీలు రాసింది గుమాస్తాలే అయినా లోపల గొంతు వాళ్ళది. అది చదువుతుంటే నాకు 1986లో స్త్రీశక్తి సంఘటన వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తొచ్చింది. కానీ అక్కడ తెలంగాణా పోరాట స్త్రీల ఎదుట టేపురికార్డరు పెట్టి అడిగే అవకాశం ఉంది. ఇక్కడ అడగడానికి ఎవరూ మిగల్లేదు, కాగితం తప్ప.

ఆ కాగితాలు మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, ఊరు, ఓడ పేరు. ఇంకో వరస, ఒంటిమీద గుర్తులు. మచ్చ, కాలిన గాయం, పచ్చబొట్టు. పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చేవి. ఆ వరస నిండాలంటే ఎవరో ఒక మగ గుమాస్తా ఆ ఒంటిని చూడాలి, లేదా చూపించమనాలి. పాతికమంది, వందమంది వరసలో నిలబడి ఉండగా. వర్జినీ కోసం ఏడ్చిన యూరపే ఈ రిజిస్టర్లకు గీతలు గీసింది. 1860ల్లో ఫొటోలు తీయడం కూడా మొదలైంది. 1867 చట్టంతో ఒప్పందం ముగిసినవాళ్ళు కూడా ఫొటో అంటించిన టికెట్టు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. లేకపోతే దిమ్మరిగా లెక్కకట్టి జైలు.

ఇప్పుడు ఆ రిజిస్టర్లకు కొత్త విలువ వచ్చింది. ముత్తాత నంబరు దొరికితే భారత సంతతి అని నిరూపించుకోవచ్చు. ఓసీఐ కార్డుకు పనికొస్తుంది. నా స్నేహితురాలి ఇంట్లో హాల్లో, సింహాద్రి అప్పన్న పటం పక్కన, ఫ్రేము కట్టి ఉంది ఆ కాగితం. ఆమె భర్త తరఫు ముత్తాతకు తండ్రిది. పేరు, ఊరు, ఓడ అన్నీ చక్కగా ఉన్నాయి. కింద ఒక మూల, వివాహం అన్నచోట ఒక నంబరు మాత్రం ఉంది. పేరు లేదు.

"ఈమె ఎవరు?" అన్నాను.

"ముత్తవ్వ అయి ఉంటుంది" అంది.

"ఆమె కాగితం తెప్పించలేదా?"

"ఒకటి చాలు కదా అక్కా, ఆఫీసుకి" అని, ఆ మాట తన చెవిలో పడ్డాక కాబోలు, ఆగిపోయింది. ఫ్రేము గోడమీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని ఆ నంబరు తన చేతి పుస్తకంలో రాసుకుంది. వాళ్ళాయన వంటింట్లోంచి టీ పట్టుకొచ్చి, ఏం చేస్తున్నారు అని అడిగాడు. చెప్తే నవ్వాడు. మంచివాడే. "మగవాడి వైపు చూస్తేనే కార్డు వస్తుంది, ఆమెతో పనేముంది" అన్నాడు. మేమిద్దరం ఏమీ అనలేదు. నిజానికి ఆ నంబరు అతని ముత్తవ్వదే, ఆమెది కాదు, నాది అసలే కాదు.

నేను తిరిగొచ్చిన నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఫోనులో పంపిన ఫొటో. ముత్తవ్వ రికార్డు దొరికింది. పేరు అప్పమ్మో పాపమ్మో తెలియదు. గుమాస్తా రాత అలా ఉంది. వయసు ఇరవై. జిల్లా విజగపటం. ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. తండ్రి పేరు ఉండాల్సిన చోట గీత. ఒంటిమీద గుర్తులు అన్న వరసలో, ఎడమ ముంజేతిమీద పచ్చబొట్టు, మోకాలి కింద మచ్చ. కింద స్నేహితురాలు క్రియోల్ కలిపిన తెలుగులో రాసింది. ఆ ముంజేయి సంగతి చదివాక ముందు సిగ్గనిపించిందట, ఎవరిదో ఒళ్ళు తొంగి చూసినట్టు. తర్వాత తన అత్తగారి ఎడమ చేతిమీద అలాంటి పచ్చబొట్టే ఉండేదని గుర్తొచ్చిందట. రెండిటిలోనూ ఏ బొమ్మ ఉందో ఎవరికీ తెలియదు. అత్తగారు పోయి ఆరేళ్ళయింది.

ఊరి పేరు దగ్గర ఇంగ్లీషులో ఆరు అక్షరాలున్నాయి. మధ్య రెండు చెరిగిపోయాయి. ఇది ఎక్కడుందో కనుక్కుంటావా అక్కా అని అడిగింది. జిల్లా పాత మ్యాపు ముందు వేసుకుని కూర్చున్నాను. ఆ అక్షరాలకు సరిపోయే ఊళ్ళు మూడు దొరికాయి. రెండు కొండల పక్కన, ఒకటి సముద్రం ఒడ్డున. మూడు పేర్లూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పంపించాను.